రేపల్లె నేల, బాపట్ల గడ్డి

ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి రేపల్లె వెళ్లొచ్చానంటే మా కాకినాడలో ఒక్కరూ నమ్మలేదు. ఏదో పెళ్లి సంబంధం మాట్లాడటానికి వెళ్లి దాస్తున్నానని మా ఆయన ఇప్పటికీ అనుమానిస్తున్నారు. ఆ ఆట గురించి నాకు తెలిసింది తక్కువే. చేత్తో ముట్టుకోకూడదు, బంతి గోల్‌లో పడాలి. వాదన గురించి మాత్రం బాగా తెలుసు. హాస్టల్లో మూడేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న గ్రేస్‌కి ఆ సంగతి తెలుసు కాబట్టే నాకు ఫోన్ చేసింది.

గ్రేస్ రేపల్లెలో పీఈటీ టీచర్. సాయంత్రాలు ఊళ్లో ఆడవాళ్ల జట్టుకి ఆట నేర్పుతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు కలిసి ఏటా ఆడవాళ్ల జట్లకు ఒక కప్పు పోటీ పెడతారు. చీటీలు తీసి ఎవరితో ఎవరు ఆడాలో తేలుస్తారు. ఓడిన జట్టు ఇంటికి, గెలిచింది ముందుకి. ఈసారి రేపల్లెకి బాపట్ల తగిలింది. ఏటా కప్పు ఎత్తుకుపోయే జట్టు బాపట్లది. రేపల్లె మొదటి మ్యాచ్ దాటడం ఇదే మొదలు. చిన్న జట్టుకి పెద్ద జట్టు తగిలితే ఆట చిన్న జట్టు ఊళ్లోనే జరగాలన్నది ఆ కప్పు పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమం. ఇప్పుడు కార్యదర్శిగారు ఆ మ్యాచ్‌ను బాపట్లకు మార్చుకుందాం, ఒప్పుకోండి అంటున్నారు.

“తెనాలి వెళ్లి ఆయనతో మాట్లాడాలి. నాకు కోపం వస్తే మాట రాదు. నీకు కోపం వస్తేనే మాట వస్తుంది. రావే” అంది గ్రేస్.

వెళ్లాను.

తెనాలి: జిలేబీ, ఎడ్ల పళ్లు

తెనాలిలో దిగగానే ఆటో అతనితో ఒక విడత గొడవ అయింది. మా ఊళ్లో ముప్పై రూపాయల దూరానికి ఎనభై అడిగాడు. నేను నడుస్తానన్నాను. “నడవండి పిన్నిగారూ, ఒంటికి మంచిది” అన్నాడు. ఆ మాటకే ఎక్కాను, అరవైకి.

టిఫిన్ హోటల్లో ఇడ్లీ బాగుంది గానీ కారప్పొడి మీద నెయ్యి వేసి ఇచ్చేసరికి నాకు కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. గుంటూరు వైపు వాళ్లు కారాన్ని పలకరింపులా వాడతారు. మనం కాస్త తగ్గించమంటే నొచ్చుకుంటారు. ఆ పక్కనే బెల్లం జిలేబీ వేస్తున్నారు. ముదురు రంగు, చూడటానికి మాడినట్టుంటుంది, తింటే మాడలేదని తెలుస్తుంది. మా కాకినాడ కాజా ముందు ఇదెంత అని నేను ఊరుకోలేక అన్నాను. బాణలి దగ్గర కూర్చున్న పెద్దాయన తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

“మీ కాజా కొరికితే పాకం చీర మీద పడిద్దండి. మా జిలేబీ అట్టా మనిషి పరువు తియ్యదు.”

అరకిలో కట్టించుకున్నాను. ఓడినప్పుడు ఓడానని ఒప్పుకోవాలి.

గ్రేస్ పదింటి బండికి దిగింది. వెంట జట్టు కెప్టెన్ జ్యోతి కూడా ఉంది. ఇరవై రెండేళ్లుంటాయేమో, సన్నగా, మాట తక్కువ మనిషి. నిజాంపట్నం దారిలో రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. వేళ్ల మీద చిన్న చిన్న గాట్లు. పని మానుకుని వచ్చింది.

కార్యదర్శి సుబ్బారావుగారి ఇంటి ముందు గదిలో గోడ నిండా ఎడ్ల ఫొటోలే. ఆయనది వేమూరు దగ్గర పల్లె. ఒకప్పుడు పందేల ఎడ్లను పెంచారట. చెడ్డ మనిషేం కాదు. మజ్జిగ ఇప్పించి, ఫ్యాను మా వైపు తిప్పించి మరీ తన వాదన చెప్పారు. రేపల్లెలో మైదానం చుట్టూ నీడ లేదు, జనం కూర్చునే చోటు లేదు, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది లేదు. బాపట్లలో పచ్చగడ్డి, గ్యాలరీ, గదులు అన్నీ ఉన్నాయి. రానూపోనూ బండి పెడతాం, భోజనం పెడతాం, కొత్త జెర్సీలు ఇస్తాం. ఇంకో మాట కూడా చెప్పారు. ఇదివరకు ఆట సమానమైతే రెండో మ్యాచ్ అవతలి జట్టు ఊళ్లో జరిగేదట. ఈ ఏడాది నుంచి దాన్ని తీసేసి పెనాల్టీలతో తేల్చేస్తారట. పెద్ద జట్లకు వేరే పోటీలుంటాయి, అన్నిసార్లు తిరగలేకపోతున్నారు అన్నారు.

పెద్ద జట్లకు తీరిక లేకపోతే చిన్న జట్ల హక్కు కోస్తారా అని నాకు ఒళ్లు మండింది. గోడ మీది ఎడ్లను చూపించి అందుకున్నాను. బండ లాగే పందేల్లో పళ్లు చూసి జతల్ని విడదీస్తారు కదా, రెండు పళ్ల జతను ఆరు పళ్ల జతతో ఎక్కడా పోటీ పెట్టరు కదా, పశువుకి ఇచ్చే న్యాయం మనిషికి లేదా అని గట్టిగానే అడిగాను.

ఆయన మొహం వెలిగిపోయింది. “నా మనసులో మాట చెప్పారమ్మా. వచ్చే ఏడాది నుంచి చిన్న జట్లకి వేరే విభాగం పెడదామని కమిటీలో ఎప్పట్నుంచో అంటున్నా. చిన్నాళ్లతో చిన్నాళ్లు ఆడుకుంటారు. వాళ్లకో చిన్న కప్పు.”

నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను. గ్రేస్ నా వైపు చూసిన చూపు హాస్టల్లో తన చీర కాల్చినప్పటి చూపే. అప్పటిదాకా మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్న జ్యోతి మాట్లాడింది.

“ఎడ్లకి పళ్లు వాటంతటవే వస్తాయండి. మాకు బాపట్లతో ఆడితేనే వస్తాయి. ఆ విభాగంలో పడేస్తే మేం రెండు పళ్ల మీదే ముసలాళ్లం అయిపోతాం.”

సుబ్బారావుగారు నవ్వారు. కోపం రాలేదు ఆయనకి. ముందు బాపట్ల మైదానం కళ్లతో చూసి రండి, చూశాక రేపు సాయంత్రంలోగా మీ మాట చెప్పండి అన్నారు.

బాపట్ల: చెప్పులు విప్పిన చోటు

తెనాలి స్టేషన్‌లో నేనే దారి చూపిస్తానని ముందు నడిచి ఇద్దర్నీ ఒక బండి ఎక్కించాను. కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నాక జ్యోతి మెల్లగా అంది, “అక్కా, ఇది మా ఇంటికి పోయిద్ది.” రేపల్లె బండి. కదిలేలోపు దూకినంత పని చేసి దిగాం. జిలేబీ పొట్లం సీటు మీదే ఉండిపోయింది. అరకిలో జిలేబీ మాకంటే ముందు రేపల్లె చేరింది. ఎవరు తిన్నారో వారికి అరగాలని కోరుకుంటున్నాను.

రాత్రికి బాపట్ల చేరి, మర్నాడు పొద్దున మైదానానికి వెళ్లాం. నిజం చెప్పాలి, బాగుంది. గడ్డికి నీళ్లు కొట్టి ఉంది. ఎండ పడి తళతళలాడుతోంది. బాపట్ల జట్టు సాధన చేస్తోంది. ఇరవై మందికి పైనే ఉన్నారు, అందరికీ ఒకే రంగు మేజోళ్లు. రేపల్లె జట్టుకి మొత్తం పన్నెండు మంది, అందులో ఒకామెకి ఆదివారం షిఫ్టు పడుతుందో లేదో తెలియదని గ్రేస్ ముందు రోజే చెప్పింది. ఒక కాలు బెణికితే ఇంకో కాలు తెచ్చుకునే జట్టు ఇది, అదే కాలుతో కుంటుతూ ఆడే జట్టు అది. రెంటికీ నియమాలు ఒకటే కాబట్టి న్యాయమే అంటారు. చేపకీ కోడికీ ఈత పందెం పెట్టి, నీళ్లు ఇద్దరికీ ఒకటేగా అన్నట్టుంది.

వాళ్ల కోచ్ ప్రసాద్ మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. జ్యోతి ఆ టీ తాగలేదు. మైదానం గీతకి బయట చెప్పులు విప్పి, గడ్డి మీద నాలుగడుగులు వేసి, వంగి అరచేత్తో తడిమింది. ఒక్కసారి తన్నుకోవచ్చా అని ప్రసాద్‌ని అడిగింది. ఆయన బంతి దొర్లించాడు. ఉత్త కాళ్లతోనే దాన్ని ఆ చివరికంటా తీసుకువెళ్లి మళ్లీ తెచ్చింది. బంతి ఆమె కాలికి కట్టేసినట్టు వెళ్లింది. బాపట్ల పిల్లలు సాధన ఆపి చూశారు.

బయటికి వచ్చి పిడత కింద పప్పు బండి దగ్గర నిలబడ్డాం. మరమరాలు, వేరుశెనగలు, ఉల్లి, నిమ్మకాయ, అన్నిటికంటే ఎక్కువ కారం. పొట్లం ఇరవై. మా బీచ్‌లో ఇదే వస్తువుకి ముప్పై పుచ్చుకుంటారు, పైగా సగం గాలే. నేను ఆ సంగతి చెప్పబోతుంటే జ్యోతి అంది.

“టీచర్, ఇక్కడే ఆడదాం.”

గ్రేస్‌కి మాట రాలేదు. కోపం వచ్చిందన్నమాట. ఆ పని నేను తీసుకున్నాను. సొంత మైదానంలో ఏ గుంత ఎక్కడుందో మీకు తెలుసు, అక్కడైతే గెలుపు ఆశ ఉంది, ఇక్కడైతే అందంగా ఓడిపోవడమే, గ్యాలరీ చూసి హక్కు వదులుకుంటారా అని చాలాసేపు చెప్పాను. బండి అబ్బాయి కూడా విన్నాడు.

“మీరు కుర్చీలో కూర్చుని చూస్తారక్కా. మోకాళ్లు మావి” అంది జ్యోతి. “అక్కడా ఓడిపోతామేమో. ఇక్కడైతే గడ్డి మీద ఓడతాం. పుట్టాక ఒక్కసారైనా మా వాళ్లు గడ్డి మీద ఆడొద్దా?”

నేను పొట్లం ఖాళీ చేసే పనిలో పడ్డాను. చివరికి గ్రేసే నోరు విప్పింది. పాత నియమం ఉండి ఉంటే రెండూ దక్కేవి, మనూళ్లో సమానంగా ఆడి ఇక్కడికి వచ్చేవాళ్లం అని నిట్టూర్చింది. జ్యోతి నమలడం ఆపింది.

“అయితే అదే అడుగుదాం టీచర్. మొదటిది మనూళ్లో. సమానం చేస్తే రెండోది ఇక్కడ. పెనాల్టీలు వద్దు.”

జ్యోతి అక్కడి నుంచే ఫోన్ చేసింది. అవతల సుబ్బారావుగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బాపట్ల వాళ్లు సరేనంటే నాకేం అభ్యంతరం లేదమ్మా అన్నారు, గొంతులో నవ్వు వినిపిస్తూనే ఉంది. వెనక్కి వెళ్లి అడిగితే ప్రసాద్ కూడా అంతే తేలిగ్గా తలూపాడు. సమానం అనేది జరగదని ఇద్దరికీ అంత నమ్మకం. నేను మండిపడ్డాను. జ్యోతి మాత్రం తాపీగా చేతులు దులుపుకుంది.

“నవ్వనీండక్కా. ఒప్పుకున్నారుగా.”

ఈ హడావిడిలో సముద్రం సంగతే మర్చిపోయాం. బాపట్ల వెళ్లి సూర్యలంక చూడకుండా వచ్చిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

చెరుకుపల్లి మీదుగా

రేపల్లె బస్సులో నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది, ఒళ్లో దోసకాయల సంచి. నేను గ్రేస్‌తో మాట్లాడుతున్న ధోరణి విని, నువ్వు ఆ ఆటలో విజిల్ ఊదే ఆవిడవా అని అడిగింది. కాదన్నాను. మరి అంత కేకలెందుకు అంది. ఆడపిల్లలు బంతిని తన్నుకోవడం చూడటానికి కాకినాడ నుంచి వచ్చానని తెలిసి, చార్జీలు ఎవరిచ్చారంది. సొంతవే అనేసరికి నా మీద జాలిపడి రెండు దోసకాయలు ఇచ్చింది. దిగబోతూ జ్యోతిని అడిగింది, “గెలుస్తారంటావా మనవరాలా?” జ్యోతి ఏమో నాయనమ్మా అంది. “ఏమో అంటున్నావంటే పరవాలేదు” అంటూ దిగిపోయింది.

దారంతా కాలవలు, వరి కోసిన పొలాల్లో మినుము. మా గోదావరి కాలవల కంటే ఇవి ఇరుకు, నీళ్లు మాత్రం అదే రంగు. ఏ నదైనా కాలవలోకి వచ్చేసరికి బురదే.

రేపల్లె: ముగ్గు గీతలు

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆడవాళ్లూ, పక్క వీధుల వాళ్లూ కలిసి మైదానంలో గీతలు వేశారు. సున్నం కాదు, ముగ్గు పిండి. తాడు పట్టుకుని ఇద్దరు, పిండి వదులుతూ ఒకరు. గీత ఎక్కడా వంకర పోలేదు. అక్కడితో ఆగితే బాగుండేది. నడిమి వలయం ఖాళీగా బోసిగా ఉందని ఎవరికో అనిపించింది. క్రిస్మస్‌కి వేసే నక్షత్రం అందులో నింపేశారు, చుట్టూ తామర రేకులతో సహా. చూడముచ్చటగా ఉంది.

రిఫరీ వచ్చి తల పట్టుకున్నాడు. మైదానంలో ఉండాల్సిన గీతలు తప్ప ఇంకేమీ ఉండకూడదట. చెరిపేయమన్నాడు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. “మీ గీతలు మేమే వేశాం కదా బాబూ, మా నక్షత్రం ఏం చేసింది?” అని ఒకావిడ నిలదీసింది. నేను ఆవిడ వైపు వాదిద్దామని లేచాను. గ్రేస్ నా చెంగు పట్టి కూర్చోబెట్టింది. చివరికి నాలుగు చీపుళ్లు తెచ్చి ఊడ్చారు. తెల్లటి మరక మాత్రం ఆట అయ్యేదాకా ఉంది.

ఆ తర్వాత ప్రసాద్ టేపు పెట్టి మైదానం వెడల్పు కొలిచాడు. నియమం ప్రకారం సరిపోయింది, అంచుకి అంచు. “మా పిల్లల ఆటకి ఈ చోటు చాలదండి. ఇది మాకు అన్యాయం కదా?” అన్నాడు, కోపంగా కాదు, నిజంగా బాధపడుతూనే.

“మీ మైదానం వీళ్లకి ఎక్కువైంది. వీళ్ల మైదానం మీకు తక్కువైంది. సరిపోయింది కదండీ” అన్నాను.

ఆయన టేపు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

షిఫ్టు ఉన్నామె రాలేదు. పదకొండు మందే. ఒకరికి దెబ్బ తగిలితే పది.

మూడు నుంచి అయిదు దాకా

రైస్‌మిల్లు గోడ మీద, చర్చి మెట్ల మీద, కాలవ గట్టు మీద జనం. నాకు అర్థమైనంతవరకు బాపట్ల వాళ్లు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ వచ్చేవారు, నేల ఎగుడుదిగుడుకి అది ఎటో గెంతేది. గెంతే చోటికి రేపల్లె పిల్ల ముందే చేరి ఉండేది. హాఫ్ టైమ్ దాకా గోల్ పడలేదు. సుబ్బారావుగారు తెనాలి నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆయన నవ్వు అప్పటికి కాస్త తగ్గింది.

రెండో సగంలో ప్రసాద్ ముగ్గుర్ని మార్చాడు. తాజా కాళ్లు. నేల పని చేయడం లేదని తెలుసుకుని బంతిని పైనుంచి కొట్టడం మొదలుపెట్టారు. రేపల్లె వాళ్లకి ఒగర్పు వచ్చేసింది, తెలుస్తూనే ఉంది. అయినా ఒకసారి జ్యోతి మధ్యనుంచి దూసుకుపోయి కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి తిరిగొచ్చింది. మిల్లు గోడ మీంచి ఇద్దరు కింద పడ్డారు. జ్యోతి తల పట్టుకోలేదు, వెనక్కి పరుగెత్తింది.

నా చుట్టూ అందరూ గడియారాలు చూసుకుంటున్నారు. ఇంకొక్క పది నిమిషాలు ఆపితే సమానం. సమానమైతే గడ్డి. పక్కన కూర్చున్న గ్రేస్ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. ప్రార్థన నా అలవాటు కాదు, నేను రిఫరీని తిడుతూ కాలం గడిపాను.

ఇంకా అయిదు నిమిషాలుందనగా బాపట్లకి కార్నర్ వచ్చింది, మూల నుంచి బంతి కొట్టారు. బాపట్ల పొడుగుపిల్ల అందరికంటే పైకి ఎగిరి తలతో కొట్టింది. గోల్‌కీపర్ వేళ్లకి తగిలింది గానీ ఆగలేదు. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఎంతో వెతికాను. చెయ్యి తగల్లేదు, ఎవర్నీ తొయ్యలేదు. శుభ్రమైన గోల్. అంతకంటే చిరాకు ఉండదు.

విజిల్ పడింది. ఒకటి-సున్నా.

భోజనాలు

ఆ ఊరి పద్ధతి ఏమిటంటే, ఆడటానికి వచ్చినవాళ్లకి ముందు వడ్డించి ఆ తర్వాత ఊరి జట్టు తినాలి. గెలిచారా ఓడారా అన్నదానితో పనిలేదు. చర్చి వెనక రేకుల షెడ్డు కింద బాపట్ల పిల్లల్ని కూర్చోబెట్టి రేపల్లె పిల్లలే వడ్డించారు, కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గోంగూర, రొయ్యల ఇగురు, కొరమీను పులుసు. మా వైపు పులుసులో చిన్న బెల్లం ముక్క వేస్తాం. ఇక్కడ ఆ మాట చెబితే వంటావిడ నన్ను వింతగా చూసింది.

సుబ్బారావుగారు పెరుగన్నం కలుపుకుంటూ జ్యోతిని పిలిచారు. ఎటూ ఫలితం ఒకటేగా అమ్మా, బాపట్లలో ఆడి ఉంటే గ్యాలరీ అయినా దక్కేదిగా అన్నారు. ఎత్తిపొడుపు కాదు, ఓదార్పే.

“అక్కడైతే పది పడేవండి. తొమ్మిది ఆపుకున్నాం” అంది జ్యోతి, ఆయన ఆకులో మజ్జిగ మిరపకాయ వేస్తూ.

ప్రసాద్ చాలాసేపటి నుంచి ఏదో ఆలోచిస్తున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, నెలలో ఏదో ఒక ఆదివారం మా మైదానానికి రండి, ప్రాక్టీస్ మ్యాచ్ ఆడదాం, బండి పంపిస్తాను అన్నాడు. వడ్డిస్తున్న పిల్లలంతా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. ఒక్కరూ ఆయన్ని చూడటం లేదు, అందరూ జ్యోతినే చూస్తున్నారు. గ్రేస్ కూడా. బతిమాలకుండా, గెలవకుండా, గడ్డి వాళ్లంతట వాళ్లే ఇస్తున్నారు. నేనైతే వెంటనే ఒప్పుకునేదాన్ని, ఆ తర్వాత దాని మీద వాదన పెట్టుకునేదాన్ని.

జ్యోతి చేతిలోని పళ్లెం కింద పెట్టింది. “వస్తామండి. దానికి ముందు మీరు ఇంకోసారి ఇక్కడికి రండి. ఈసారి కప్పు కోసం కాదు, ఊరికే. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ.”

ప్రసాద్ తన పిల్లల వైపు చూశాడు. మోచేతులు, మోకాళ్లు అన్నీ దోక్కుపోయి ఉన్నాయి. సగం మంది తలలు దించుకుని తింటున్నారు.

“ఏమ్మా, వద్దామా?”

గోల్ కొట్టిన పొడుగుపిల్ల చేప ముల్లు తీసి ఆకు పక్కన పెట్టింది.

“వద్దాం సార్. కానీ ఆట అయ్యాక కాదు, భోజనం ముందు పెట్టమనండి. ఆకలికి రెండో సగంలో కళ్లు తిరిగాయి.”

ఏ ఆదివారం అన్నది ఇంకా తేలలేదు. జ్యోతి షిఫ్టు, బాపట్ల వాళ్ల పోటీలు కలిసిరావడం లేదట. నేను మాత్రం వారానికోసారి గ్రేస్‌కి ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను. మొన్న ప్రసాద్ నంబరు కూడా పుచ్చుకున్నాను.